ఖాళీ పాకలో గడ్డి

"తెలిసినవాడు తెలిసినట్టు చెయ్యకపోతే దాన్ని రోగమనాలా, పొగరనాలా మాస్టారూ?" అని ఒకనాడు వకుళ అడిగింది. అడిగిన తీరులో సందేహం తక్కువ, చిరాకు ఎక్కువ. అప్పట్లో మేమిద్దరం గోదావరి ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో, డాక్టర్ తారకేశ్వరరావుగారి నరాల ఆసుపత్రిలో శిష్యరికం చేస్తున్నాం. చదువు పూర్తయింది, పేరు వెనక అక్షరాలు చేరాయి, ఇక లోకంలో మాకు తెలియనిది లేదనుకునే వయసు. మాస్టారికి డెబ్బై దాటాయి. ఏ ప్రశ్న అడిగినా ఆయన తిన్నగా జవాబు చెప్పేవారు కాదు. కళ్ళజోడు తీసి, కండువా అంచుతో తుడిచి, "చూద్దాం" అనేవారు. ఆ చూద్దాం ఒక పూట పట్టొచ్చు, ఒక ఏడాది పట్టొచ్చు. నేనడిగిన ఒక ప్రశ్నకి జవాబు వచ్చేసరికి నేను ప్రశ్నే మర్చిపోయాను. వకుళ ప్రశ్నకి మాత్రం ఆయన చూద్దాం అనలేదు.

ఆ ప్రశ్నకి కారణం ఏసుపాదం అనే కరెంటు లైన్‌మన్. ఆరు నెలల కిందట స్తంభం మీంచి పడ్డాడు. నుదుటి ఎముక పగిలింది. ఆపరేషనూ అయింది, మనిషీ లేచి తిరుగుతున్నాడు. ఇక పనిలో చేరడానికి, ఇతను బాగానే ఉన్నాడని మా దగ్గర్నుంచి కాగితం కావాలి. వకుళ పొద్దుటే అతణ్ణి కూర్చోబెట్టి అన్నీ అడిగింది. తేదీ చెప్పాడు, వారం చెప్పాడు, నూరులోంచి ఏడేడు తీసేస్తూ తడుముకోకుండా చెప్పాడు. స్తంభం ఎక్కే ముందు కరెంటు ఎక్కడ ఆపాలో, ఎవరికి చెప్పాలో, చేతికి ఏం తొడుక్కోవాలో బళ్ళో ఎక్కాల్లా అప్పజెప్పాడు. ఆ తరవాత వకుళ రెండు గ్లాసుల పరీక్ష పెట్టింది. అక్కడ వచ్చింది చిక్కు.

ఆ గ్లాసుల సంగతి చెప్పాలి. మాస్టారి బల్ల మీద రెండు ఇత్తడి గ్లాసులు ఎప్పుడూ బోర్లించి ఉండేవి. ఒకదానికి ఎర్ర దారం, ఇంకోదానికి తెల్ల దారం కట్టి ఉండేవి. తలకి దెబ్బ తగిలి వచ్చిన మనిషిని కళ్ళు మూసుకోమని, ఎర్ర దారం గ్లాసు కింద పిప్పరమెంటు బిళ్ళ ఒకటి పెట్టి, ఎక్కడుందో తియ్యమనాలి. అలా పదిసార్లు ఎర్రదాని కిందే పెట్టాలి. పదకొండోసారి నుంచి చెప్పాపెట్టకుండా తెల్లదాని కింద పెట్టాలి. ఎవరైనా ఒకటి రెండుసార్లు మోసపోయి, తరవాత తెల్లదాన్నే ఎత్తుతారు. ఇన్ని యంత్రాలు వచ్చిన రోజుల్లో ఈ గారడీ ఏమిటని మేం చాటున నవ్వుకునేవాళ్ళం. ఏసుపాదం రెండోసారికే పసిగట్టాడు. "ఇప్పుడు తెల్లదాని కిందకి మార్చారండి" అన్నాడు. అంటూనే ఎర్రదాన్ని ఎత్తాడు. "తెల్లదాని కిందండి" అన్నాడు మళ్ళీ, మళ్ళీ ఎర్రదాన్నే ఎత్తాడు. అలా పదిహేనుసార్లు. వకుళకి ఒళ్ళు మండింది. "మాతో ఆటలాడుతున్నావా? తెలిసీ ఎందుకలా చేస్తున్నావు?" అని అతని భార్య సుగుణమ్మ ముందే కేకలేసింది. అతను తల వంచుకున్నాడు. సుగుణమ్మ ఏదో చెప్పబోతే, "నువ్వు కాసేపు బయట కూర్చో అమ్మా" అని పంపించేసింది.

వకుళ చెడ్డ డాక్టరు కాదు. మా ఇద్దరిలో ఆమే మంచి డాక్టరు. తెలివైనవాళ్ళకి ఎదుటివాడి తెలివితక్కువతనం మీద జాలి ఉంటుంది గానీ, తెలివి ఉండీ తప్పు చేసేవాణ్ణి చూస్తే సహించలేరు. కాగితం మాస్టారి ముందు పెట్టి గబగబా అంది: "నుదుటి వెనకనున్న మెదడు పాత అలవాటుకి కళ్ళెం వేస్తుందనీ, దారి మారినప్పుడు మనిషిని కొత్త దారికి మళ్ళిస్తుందనీ, అలవాట్లేమో లోపల అడుగున ఉండే భాగాల్లో పాతుకుని ఉంటాయనీ నేనూ చదివాను మాస్టారూ. కానీ ఇతనికి దారి మారిందని తెలుసు. నోటితో చెబుతున్నాడు కదా! తెలిసినవాడికి రోగమేమిటి? పొగరైతే సంతకం పెట్టేస్తాను, పనిలో పడితే అదే దిగుతుంది. రోగమైతే ఆపేస్తాను. ఏదో ఒకటి చెప్పండి." మాస్టారు కళ్ళజోడు తీశారు. తుడవలేదు. చేతిలో అలాగే పట్టుకుని, "పోలయ్య అని ఒక సరంగు ఉండేవాడు" అన్నారు. ఆ తరవాత ఆయన చెప్పినది నా మాటల్లో రాస్తున్నాను. ఆయన ఎక్కడెక్కడ ఆగారో, ఎంతెంతసేపు ఆగారో రాయడం నాకు చేతకాదు.

నలభై ఏళ్ళ కిందటి మాట. మాస్టారు అప్పుడు మా ఈడువారు, మాలాగే అన్నీ తెలిసినవారు. ఏటి నడుమ ఒక లంక ఊరు ఉంది. లంకంటే చుట్టూ నీరు, మధ్యన మనుషులు. అక్కణ్ణించి ఎటు వెళ్ళాలన్నా పడవే. పడవ నడిపే సరంగు పోలయ్య. గోదావరి ఏటా వరదలో ఒకచోట ఇసక తవ్వి ఇంకోచోట పోస్తుంది. నిరుడు రెండు నిలువుల లోతున్న పాయ ఈ ఏడు మోకాటిలోతు ఇసకమేట అయి కూర్చుంటుంది. అందుకని వరద తీసి, ఎర్రనీరు తేరుకోగానే సరంగు చిన్న దోనెలో ఒక్కడే వెళ్తాడు. పొడుగాటి గెడకర్ర దింపి లోతు చూస్తూ, "అమ్మా, ఈ ఏడు దారి ఎటు పెట్టావు?" అని ఏటినే అడుగుతాడు. లోతున్న చోటల్లా ఎర్రగుడ్డ కట్టిన వెదురు పాతుతాడు. ఆ తరవాతే మొదటి పడవ. ఆ మొదటి పడవలో సరంగు ఇంటిమనిషి ఒకరు ఎక్కి తీరాలి. అది వాళ్ళ రివాజు. సొంతవాళ్ళని దాటించాకే ఊరివాళ్ళు ఎక్కుతారు. ఏ సర్కారు ముద్ర మీదా లేని నమ్మకం వాళ్ళకి ఆ రివాజు మీద ఉండేదట.

ఆ ఏడు వేసవిలో తెరచాప దించుతుంటే కొయ్య జారి పోలయ్య నుదుటి మీద పడింది. మూడు వారాలు మంచం మీద ఉన్నాడు. వైద్యం చేసింది మాస్టారే. లేచాక మనిషి మునుపటిలాగే ఉన్నాడు. అదే నవ్వు, అదే చుట్ట, అదే పెద్ద గొంతు. కార్తీకం వస్తుందనగా ఊరి పెద్దలు అతణ్ణి వెంటబెట్టుకుని, మేట మీద కూడా తేలిపోయే చిన్న దోనెల్లో ఏరు దాటి వచ్చి, "పోలయ్య చేత పడవ ఏయించొచ్చా బాబుగారూ? తమరు ఊఁ అంటే మాకు చాలండి" అన్నారు. పోలయ్యకి పడవ తప్ప వేరే బతుకు తెలియదు. పదేళ్ళప్పుడు పట్టుకున్న గెడ. కాదంటే ఇక తను మనిషినే కాదన్నట్టు మాస్టారి ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మాస్టారు అన్నీ అడిగారు. చివరికి ఏటి సంగతి కూడా అడిగారు. పోలయ్య వంగి, గచ్చు మీద వేలితో గీసి చూపించాడు. "నిరుడు నల్లరాయికి ఎడమేపునండి లోతు. ఈ ఏడు అదంతా మేటేసేసిందండి. దారి కుడేపుకి మారింది. ఎదుర్లు నేనే పాతేనండి, ఆయ్" అన్నాడు. ఇంత తెలిసిన మనిషి పొట్ట కొట్టడం పాపమనిపించింది మాస్టారికి. ఊఁ అన్నారు.

పెద్దలతో పాటు పోలయ్య భార్య సూరమ్మ కూడా వచ్చింది. అందరూ లేచి వెళ్తుంటే ఆమె గుమ్మం దగ్గర ఆగింది. "బాబుగారూ, ఒక మాటండి. మా ఆవుని రెణ్ణెల్ల కిందట మా ఆడపడుచు ఊరు తోలేశామండి. ఈయన రోజూ పొద్దున్నే ఖాళీ పాకలో గడ్డేస్తన్నాడు. 'ఆవు లేదు కదయ్యా' అంటే, 'అవును, లేదు కదే' అంటాడు. అంటానే ఏసేస్తాడండి" అంది. మాస్టారు నవ్వారు. "పాతికేళ్ళ అలవాటమ్మా, రెండు నెలల్లో పోతుందా? మెల్లిగా అదే సర్దుకుంటుంది" అన్నారు. సూరమ్మ కొంగు సర్దుకుని పెద్దల వెనక నడిచింది. అంత చదువుకున్నాయన నవ్వేస్తే ఆమె మాత్రం ఏమంటుంది?

మొదటి పడవ కార్తీకంలో ఒక పొద్దుటి పూట కదిలింది. ఇంటిమనిషిగా పోలయ్య కూతురు మాలచ్చి ఎక్కింది. పద్దెనిమిదేళ్ళ పిల్ల, ఒక్కతే కూతురు. అవతలి ఒడ్డున కుట్టుపని నేర్చుకునేది. వరదకి మూడు నెలలుగా ఆ పని ఆగిపోయి, ఆ రోజు కోసం కాచుకుని ఉంది. తను కుట్టుకున్న కొత్త జాకెట్టే వేసుకుంది. భుజాన గుడ్డసంచి, అందులో కత్తెరా దారపు ఉండలూ. తన మాట మీద తనకెంత నమ్మకమో ఊరికి చూపించడానికి మాస్టారు కూడా ముందురోజే దోనెలో లంకకి వచ్చి, ఆ పడవ ఎక్కారు. ఆయనకి ఈత రాదు. ఆ వయసులో అలాంటి గొప్పలకి పోవడం మా డాక్టర్ల జాతికి మామూలే. ఒడ్డున ఊరంతా నిలబడి చూస్తోంది. సూరమ్మ కొబ్బరికాయ కొట్టింది.

ఏటి నడుమకి వచ్చేసరికి నల్లరాయి కనిపించింది. దానికి కుడివైపున ఎర్రగుడ్డల వెదుర్లు బారుగా ఉన్నాయి. పోలయ్య మాస్టారికి చూపించి, "ఇక్కణ్ణించి కుడేపుకి ఎల్లాలండి" అన్నాడు. అంటూనే గెడ వేసి పడవని ఎడమకి తోశాడు. మాలచ్చి పకపకా నవ్వింది. "కుడేపంటా ఎడమేపుకి తోస్తావేంటి నాన్నా?" అంది. "తెలుసమ్మా, కుడేపే" అన్నాడు, మళ్ళీ ఎడమకే తోశాడు. మూడోసారి ఆ మాట అన్నప్పుడు అతని మొహంలో భయం కనిపించిందని చెప్పారు మాస్టారు. తన చేతుల్ని ఎవరివో పరాయివాళ్ళ చేతుల్లా చూసుకున్నాడట. "గెడ లాక్కోవే మాలచ్చీ! లాక్కో!" అని అరిచాడు. పిల్ల లేచి గెడ పట్టుకుని లాగింది. లాక్కోమన్నవాడి చేతులే వదల్లేదు. పడవ అడుగు మేటకి రాసుకుని, ప్రవాహానికి అడ్డం తిరిగి, బోల్తా పడింది.

సరంగులకి ఇంకో రివాజుంది. పడవ మునిగితే ముందు ఈతరాని కొత్తమనిషిని పట్టుకోవాలి. ఇంటివాళ్ళకి ఎలాగూ ఈత వచ్చు. పోలయ్య చేతులు క్షణం తడుముకోలేదు. మాస్టారి జుట్టు దొరకబుచ్చుకుని, నల్లరాయి మీదికి ఈడ్చి, అప్పుడు వెనక్కి తిరిగాడు. మాలచ్చికి ఈత బాగా వచ్చు. కానీ బోల్తా పడినప్పుడు పడవ అంచు ఆమె తలకి తగిలింది. రాయి కింద సుడి ఉంది. పోలయ్య ఆ సుడిలో ఎన్నిసార్లు మునిగి లేచాడో మాస్టారు రాయి మీద కూర్చుని లెక్కపెట్టలేకపోయారు. పిల్ల మధ్యాహ్నానికి రెండు మైళ్ళ దిగువన దొరికింది. సంచి భుజానికి అలాగే ఉంది. పాత అలవాటు కొద్దీ పడవని ముంచిన చేతులే, పాత అలవాటు కొద్దీ మాస్టారిని బతికించాయి. నలభై ఏళ్ళుగా ఆ సంగతిని ఆయన ఎలా మోశారో నాకు తెలియదు.

ఊరు ఊరుకుంటుందా? "తెలిసి తెలిసి కన్నకూతుర్ని ఏట్లో కలిపాడు" అన్నారు. "ఎదుర్లు పాతినోడికి ఎదుర్లు కనపళ్ళేదా? ఒళ్ళు కొవ్వు" అన్నారు. రోగమా, పొగరా అని ఊరికీ సందేహం వచ్చింది, ఊరే జవాబు కూడా చెప్పేసుకుంది. మాస్టారు ఇంటికి వెళ్ళి తన పుస్తకాలు తీశారు. నుదుటి వెనక దెబ్బ తగిలినవాడు మాటలో సరిగ్గా ఉండి చేతలో పాతదారే పట్టవచ్చునని అందులో తేటతెల్లంగా ఉంది. ఆ వాక్యం కింద ఎప్పుడో చదువుకునే రోజుల్లో తనే ఎర్ర సిరాతో గీత గీసుకున్నారు.

పది రోజులకి ధైర్యం చిక్కబట్టుకుని ఆయన లంకకి వెళ్ళారు. మిట్టమధ్యాహ్నం వేళ. పోలయ్య స్టీలు క్యారేజీ పట్టుకుని రేవు వైపు వస్తున్నాడు. అవతలి ఒడ్డున కుట్టుపనిలో ఉండే కూతురికి నిరుడంతా ఆ వేళకి అన్నం చేరవేసేవాడట. మాస్టారిని చూసి ఆగి, దణ్ణం పెట్టాడు. "పిల్ల పోయింది కదండి బాబుగారూ" అన్నాడు. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. "అవును పోలయ్యా" అన్నారు మాస్టారు. "ఇంక లేదు కదండి" అన్నాడు. అంటూనే నడిచి వెళ్ళి, రేవు మెట్టు మీద క్యారేజీ పెట్టి, అవతలి ఒడ్డుకేసి చూస్తూ నిలబడ్డాడు. చాలాసేపు నిలబడి, క్యారేజీ తీసుకుని, ఏడుస్తూ ఇంటికి వెళ్ళాడు. రోజూ అంతేనని రేవులో ఎవరో చెప్పారు.

సూరమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. తిడుతుందనుకున్నారు మాస్టారు. తిట్టినా, దుమ్మెత్తి పోసినా కాస్త తేలికపడేవాణ్ణి అన్నారు. ఆమె లేచి పీట వేసింది. చెంబుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆయన తాగేదాకా ఆగి, చెంబు అందుకుంటూ, నెమ్మదిగా ఒకే ఒక్క మాట అంది.

"నేను సెప్పేనండి బాబుగారూ. పాకలో గడ్డి సంగతి."

మాస్టారు చెప్పడం ఆపారు. వకుళ తల వంచుకుని కూర్చుంది. ఒళ్ళో పెట్టుకున్న కాగితం మీద రెండు చుక్కలు పడ్డాయి, ఆమె తుడుచుకోలేదు. బల్ల మీద ఇత్తడి గ్లాసులు ఎప్పటిలాగే బోర్లించి ఉన్నాయి. వాటిని చూసి మేం మళ్ళీ ఎప్పుడూ నవ్వలేదు. "నోటిని అడిగి ఊరుకోకూడదని నాకు తెలుసు వకుళా" అన్నారు మాస్టారు. "గీత కూడా గీసుకున్నాను. అయినా నోటినే అడిగాను. మా గురువులు అలాగే అడిగేవారు, నేనూ అలాగే అడిగాను. మరి నాది రోగమనుకోవాలా, పొగరనుకోవాలా?" వకుళ కాగితం తెచ్చి బల్ల మీద పెట్టి, "అయితే ఏసుపాదం కాగితం ఏం చెయ్యమంటారు మాస్టారూ?" అని అడిగింది. ఈసారి ఆమె గొంతులో చిరాకు లేదు.

మాస్టారు కళ్ళజోడు పెట్టుకున్నారు. కాగితం వైపు చూడనేలేదు.

"ఏసుపాదం భార్య పొద్దుటినించీ బయట బెంచీ మీద కూర్చుని ఉంది" అన్నారు. "వెళ్ళి ఆమె పక్కన కూర్చో. వాళ్ళింట్లో అతను ఏ పాకలో గడ్డేస్తున్నాడో చెప్పమను."